పాఠశాల సభ: ఎదుటి హాజరు, తెరపై హాజరు

(పాఠశాల యాజమాన్య కమిటీల సభ్యులకు, ప్రధానోపాధ్యాయులకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం ఒక ప్రశ్న రూపంలో ఉన్నది. పాఠశాల సభకు తల్లిదండ్రులు స్వయంగా రావలెనా, లేక ఉన్నచోటి నుండే సెల్‌ఫోను తెరపై పాల్గొంటే చాలునా? ఇట్టి ప్రశ్నకు సులభమైన సమాధానాలు రెండున్నవి. కాలం మారినది కనుక ఫోను చాలునని ఒకటి. మనిషి మనిషిని చూడనిదే సభ కానేరదు కనుక ఫోను పనికిరాదని మరొకటి. వీటిలో ఏదో ఒకటి చెప్పి కూర్చుంటే నా పని తేలికవుతుంది గాని, మీరు తిరిగి వెళ్ళి మీ ఊళ్ళలో సభ జరుపవలసి ఉన్నది. అక్కడ ఒక తల్లి కువైట్‌లో ఉంటుంది. ఒక తండ్రి గుజరాత్‌లోని వేరావల్ రేవులో ఉంటాడు. మరొక తల్లి బడి ప్రహరీకి అవతలి వీధిలోనే ఉన్నా ఆనాటి కూలి వదులుకొని రాలేకపోతుంది. ఈ ముగ్గురి పేర్ల ఎదుట ఒకే విధంగా ‘గైరుహాజరు’ అని రాయడం న్యాయమేనా? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇది.

ముందుగా చట్టం మన నుండి ఏమి కోరుతున్నదో చూద్దాం. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 21-ఎ అధికరణాన్ని చేర్చి, ఆరు నుండి పద్నాలుగు సంవత్సరాల బాలబాలికలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసినది. దానిని ఆచరణలోకి తెచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. ప్రభుత్వ సహాయం పొందని ప్రైవేటు పాఠశాలలు మినహా, తక్కిన పాఠశాలలకు యాజమాన్య కమిటీ ఉండవలెనని ఆ చట్టంలోని 21వ సెక్షను చెప్పుచున్నది. కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావలె. అననుకూల వర్గాల, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం స్థానం ఉండవలె. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావలె. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళికను తయారు చేయడం, వచ్చిన నిధులు ఎట్లా ఖర్చవుతున్నవో చూడడం కమిటీ పనులు. 2010లో కేంద్రం వెలువరించిన నమూనా నియమాల ప్రకారం కమిటీ నెలకు ఒకసారైనా సమావేశం కావలె. అక్కడ జరిగిన చర్చను, చేసిన తీర్మానాలను రాసి ప్రజలకు అందుబాటులో ఉంచవలె.

ఇందులో ఎక్కడా సెల్‌ఫోను ప్రసక్తి లేదు. చట్టం రాసినవారి మనస్సులో సభ అంటే జంబుఖానా పరిచి కూర్చున్న సభయే. కాని అదే చట్టం స్త్రీలకు సగం స్థానం ఇచ్చినది, బలహీన వర్గాలకు వారి వంతు ఇచ్చినది. అనగా, ఎవరికి రావడం కష్టమో వారినే ముందుగా పిలిచినది. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే మన ముందున్న పని.

ఈ ఆలోచన 2009లో ఆకాశం నుండి ఊడిపడినది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికై 1998లోనే ఒక చట్టం చేసినారు. 2002లో నాగాలాండ్ రాష్ట్రం మరింత దూరం పోయినది. ప్రభుత్వ సంస్థలను, సేవలను గ్రామ సమాజాలకు అప్పగించే చట్టం చేసి, ఉపాధ్యాయుల హాజరును చూచుకొనే బాధ్యతను, పని చేయనివారికి జీతం నిలుపగల అధికారాన్ని గ్రామ కమిటీల చేతిలో పెట్టినది. కొండకొమ్మున ఉన్న గ్రామంలో ఉపాధ్యాయుడు బడికి వచ్చినాడో లేదో ఊరివారికి తెలిసినట్లు కోహిమాలోని కార్యాలయానికి తెలియదు గదా! ఆ చట్టానికి బలం ఈ సామాన్య సత్యమే. దగ్గరగా ఉన్నవాడు చూడగలడు, చూచినవాడు అడుగగలడు.

దూరం నుండి వచ్చే గొంతును నమ్ముకొని సభ జరుపుకొనడం కూడ మన దేశానికి కొత్త కాదు. 1956లో ఆకాశవాణి, యునెస్కో సహకారంతో, పుణె పరిసర జిల్లాలలోని 150 గ్రామాలలో రేడియో గ్రామ గోష్ఠులు నడిపినది. రైతులు ఒకచోట చేరి ప్రసారం వినేవారు. అయిన తరువాత తమలో తాము చర్చించుకొనేవారు. సందేహాలను తిరిగి కేంద్రానికి రాసి పంపేవారు. తరువాత 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సహాయంతో, ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ చేరినది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు ప్రసారాలు ఉండేవి. ఆ ఏడాది గడువు తీరగానే ఉపగ్రహం మరొక చోటికి జరిగిపోయినది.

ఈ రెండు ప్రయోగాలలో మనం గుర్తింపదగిన సంగతి ఒకటి ఉన్నది. మాట దూరం నుండి వచ్చినది గాని, విన్నవారు ఒకచోట కూర్చుండి విన్నారు. పక్కవాడు తల ఊపితే చూచినారు, నవ్వితే నవ్వినారు, అర్థం కాకపోతే అడిగినారు. నేటి సెల్‌ఫోను సభ దీనికి తలక్రిందులు. మాట్లాడే హెడ్‌మాస్టరు ఊరిలోనే ఉంటాడు, వినేవారు మాత్రం ఎవరింట వారు, ఎవరి చేలో వారు విడివిడిగా ఉంటారు. దూరాన్ని జయించే సాధనం దగ్గరివారిని కూడ దూరం చేయగలదు. యంత్రాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు, దానిని ఏ వైపు నిలబెట్టినాము అన్నదే విచారింపవలసినది.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా బడులు మూతపడినపుడు మనకు వేరు దారి లేకపోయినది. కేరళలో ఆ ఏడు జూన్ 1న విక్టర్స్ ఛానల్ ద్వారా పాఠాల ప్రసారం ఆరంభించినారు. ఇంట టి.వి. గాని, ఫోను గాని లేని పిల్లలకై గ్రంథాలయాలలోను, అంగన్‌వాడీలలోను సామూహిక కేంద్రాలు ఏర్పరచినారు. కేరళలో తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల సంఘాలకు పెద్ద చరిత్ర ఉన్నది కనుక, ఆ కాలంలో తరగతివారీ సమావేశాలను ఫోను తెర మీదికి తెచ్చుకొనడం వారికి అంతగా కష్టం కాలేదు. అంతకు ముందే బలంగా ఉన్న సంఘం ఫోనులో కూడ బలంగానే నిలుస్తుంది. ముందు నుండి కాగితం మీద మాత్రమే ఉన్న కమిటీ ఫోనులోకి వచ్చినంత మాత్రాన ప్రాణం పోసుకొనదు.

ఇక లెక్కలు. 2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో తాము స్వయంగా వాడుకొనే మొబైల్ ఫోను ఉన్నవారు 54 శాతం. ఎన్నడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 33 శాతం, పురుషులు 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, తెలంగాణలో 26 శాతం పైచిలుకు. ఆ సర్వే తరువాత ఫోనులు పెరిగినవి, వాడకం పెరిగినది, నిజమే. కాని ఇంటిలో ఒకే ఒక మంచి ఫోను ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కమిటీలో సగం స్త్రీలు ఉండవలెనని శాసించిన సభను, స్త్రీల చేతికి తక్కువగా చిక్కే సాధనం మీదికి పూర్తిగా మార్చినామంటే, చట్టం కుడిచేత్తో ఇచ్చినది మనం ఎడమచేత్తో తీసుకొన్నట్లవుతుంది.

అయితే ఎదుటి సభ నిర్దోషమైనదని కూడ నేను అనను. ఎవరు బెంచీ మీద కూర్చుంటారు, ఎవరు తలుపు దగ్గర నిలబడతారు, ఎవరి మాట మధ్యలో ఆగిపోతుంది అన్నవి మన ఊళ్ళలో చాలవరకు ముందే నిర్ణయమై ఉంటవి. సర్పంచి భర్తగారు, గుత్తేదారుగారు ముందు వరుసలో ఉంటే, మరుగుదొడ్డి గది తాళం ఎందుకు వేసి ఉంటున్నదని ఆరవ తరగతి పిల్ల తల్లి నోరు తెరిచి అడుగగలదా? అటువంటి తల్లి రాత్రి పని ముగించుకొని హెడ్‌మాస్టరుగారికి ఫోనులో నాలుగు మాటలు చెప్పి పంపగలదు. ఫోను ఇచ్చిన ఈ చిన్న స్వేచ్ఛను మనం తృణీకరింపరాదు. అదే ఫోను ఇంటిలో మాట్లాడేటపుడు పక్కన అత్తగారో, భర్తో వింటూ ఉంటే ఆ స్వేచ్ఛ మాయమవుతుంది కూడ. ఒక్కొక్క తల్లికి బడి ఆవరణే ఇంటికన్న స్వేచ్ఛ గల చోటు.

స్వయంగా వస్తే ఏమి లభిస్తుంది? గొప్ప మాటలు అక్కరలేదు, చిన్న సంగతులు చెప్పుతాను. కుళాయి తిప్పి చూడవచ్చు. మధ్యాహ్న భోజనం వండే గదిలో పప్పు ఎంత చిక్కగా ఉన్నదో గరిటెతో ఎత్తి చూడవచ్చు. వర్షానికి గోడ ఎక్కడ చెమ్మగిల్లినదో చేతితో తాకి తెలుసుకొనవచ్చు. సమగ్ర శిక్ష పథకం క్రింద పిల్లల సంఖ్యను బట్టి ప్రతి ప్రభుత్వ పాఠశాలకు ఏడాదికొక గ్రాంటు మంజూరవుతుంది, పెద్ద బడులకు అది లక్ష రూపాయల వరకు ఉంటుంది. ఆ డబ్బుతో కొన్న సున్నం, చీపుళ్ళు, ఫ్యాను, నల్లబల్ల రంగు ఎదుట కనబడతవి. బిల్లు తెర మీద చూపవచ్చును గాని, బిల్లులో రాసిన ఫ్యాను తిరుగుచున్నదో లేదో తెర చూపదు. చూపేవారు కెమెరాను ఎటు తిప్పితే అటే మనం చూస్తాము.

భాష సంగతి మరొకటి ఉన్నది. తమిళనాడులోని హోసూరు ప్రాంతంలో ఇంట తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నవి. బడి సభ సాధారణంగా తమిళంలో నడుస్తుంది. పాడేరు, ఉట్నూరు వంటి మన్యం ప్రాంతాలలో కువి, కోలామి, గోండి మాట్లాడే తల్లులకు తెలుగు సభే పరాయి సభ. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషా విద్య ఆరంభమైనది గాని, పిల్లవానికి వాని భాషలో వాచకం ఇచ్చిన బడి తల్లిని మాత్రం తెలుగులోనే పిలిచి తెలుగులోనే పంపివేయడం మానలేదు. ఎదుటి సభలో పక్కన కూర్చున్న పొరుగింటామె చెవిలో ఒక ముక్క చెప్పుతుంది, దానితో పని జరుగుతుంది. తెర మీది సభలో ఆ గుసగుసకు చోటు లేదు. ఒకరు మాట్లాడితే తక్కినవారు నోరు కట్టుకొనవలె. పైగా కొండ ప్రాంతాలలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి నిలబడవలసిన గూడెములు ఇంకను ఉన్నవి. గుట్ట ఎక్కగల ఓపిక ఉన్న తండ్రికి బడికి నడిచి రావడమే సుఖం.

ఇంతవరకు చెప్పినది ఊరిలో ఉన్నవారి మాట. ఊరిలో లేనివారి మాట ఏమిటి? ఇక్కడనే ఫోనుకు నిజమైన పని ఉన్నది. ఇక్కడనే దానిని తక్కువగా వాడుచున్నాము.

పాలమూరు జిల్లా నుండి మేస్త్రీల వెంట పుణె, ముంబయి నగరాలకు, కట్టడాల పనులకు వలస పోవడం తరతరాల కథ. అనంతపురం, కదిరి ప్రాంతాల వారు బెంగళూరుకు, కేరళకు పోవుచున్నారు. తాత దగ్గర, అమ్మమ్మ దగ్గర పిల్లలను వదలి పోతారు. సభకు తాత వస్తాడు, వింటాడు, వేలిముద్ర వేస్తాడు. పిల్లవానిని పై తరగతికి ఏ ఊరికి పంపవలె, హాస్టలులో చేర్చవలెనా వద్దా అన్న మాట వచ్చినపుడు మాత్రం ‘వాళ్ళ నాన్నను అడగాలి’ అంటాడు. ఆ నాన్నను అప్పుడే, ఆ సభలోనే ఫోనులో కలిపితే తాతకు ధైర్యం, పిల్లవానికి మేలు. కడప జిల్లా నుండి, గోదావరి జిల్లాల నుండి ఇంటిపనికై కువైట్ వెళ్ళిన తల్లులు ఉన్నారు. మనకు ఉదయం పదకొండు గంటలైనపుడు అక్కడ ఎనిమిదిన్నర. ఆ వేళకు ఇంటిపనిలో ఉన్న మనిషికి పది నిమిషాలు ఫోను పట్టుకొనడం యజమాని దయ మీద ఆధారపడి ఉంటుంది. సభ వేళను నిర్ణయించేటపుడు ఆ తల్లిని ఒక మాట అడిగే హెడ్‌మాస్టరు ఎంతమంది? అడిగితే రాత్రి ఎనిమిది తరువాత వీలవుతుందని ఆమెయే చెప్పుతుంది.

శ్రీకాకుళం తీరపు మత్స్యకారుల సంగతి వేరు. వారు వేటకై వేరావల్ పోయి నెలల తరబడి అక్కడ ఉంటారు. పడవ సముద్రంలోకి పోయినదంటే తిరిగి ఒడ్డు చేరడానికి వారాలు పట్టవచ్చు. నడిసముద్రంలో సెల్‌ఫోనుకు సిగ్నల్ ఉండదు. కనుక ఏ యంత్రమూ ఆ తండ్రిని ఆగస్టు తరువాత సభకు తేలేదు. కాని పడమటి తీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజులలో ఆయన ఇంటనే ఉండే అవకాశం ఉన్నది. ఆంధ్రలో బడులు జూన్ మధ్యలో తెరుస్తారు. ఏడాదికి సరిపడే ముఖ్య నిర్ణయాలు చేసే సభను జూన్ చివరనో, జూలైలోనో పెట్టుకొంటే, ఏ ఖర్చూ లేకుండా ఆ తండ్రి వచ్చి కూర్చుంటాడు. చిన్న పంచాంగం చూచుకొంటే తీరే సమస్యకు మనం పెద్ద యంత్రాలను వెదకుచున్నాము. తెలంగాణలో దసరాకు, కోస్తాలో సంక్రాంతికి వలసవారు ఊరు చేరుతారు. ఆ సెలవులలో బడికి తాళం ఉంటుంది, అదే చిక్కు. ఒక్క పూట తాళం తీయడం కమిటీ చేతిలోని పని.

మన ఊళ్ళకు వచ్చే వలసవారిని కూడ మరువరాదు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుండి ఏటా కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తున్నవి. పెద్దపల్లి వంటి జిల్లాలలో పని జరిగే చోటనే ఆ పిల్లలకు ఒడియా చెప్పే ఉపాధ్యాయులతో బడులు నడిపినారు. ఆ పిల్లలు జూన్‌లో మళ్ళీ సొంత ఊరి బడికి పోవలె. అక్కడి హెడ్‌మాస్టరును ఫోనులో పిలిచి, ఇక్కడి బట్టీ దగ్గర తల్లిదండ్రులను కూర్చుండబెట్టి ఇద్దరి మధ్య అరగంట మాట కలిపితే, పిల్లవాడు ఇక్కడ ఎంతవరకు చదివినాడో అక్కడ తెలుస్తుంది, పేరు కొట్టివేయకుండా ఉంటారు. రెండు రాష్ట్రాల బడుల మధ్య ఇట్టి సంధానం చేయగలిగినది ఫోను ఒక్కటే. దీనికి సాటి రాగల ఎదుటి సభ లేదు. జాతీయ సమైక్యతను గురించి సభలలో చాల చెప్పుకొంటాము. ఒక పిల్లవాని చదువు రాష్ట్రపు సరిహద్దు దగ్గర తెగకుండా చూడడం దానిలోని భాగమేనని నా నమ్మకం.

శరీర వైకల్యం గల తల్లిదండ్రులు కూడ ఇందులోకే వస్తారు. మేడ మీది గదిలో సభ పెట్టి, నడువలేని తండ్రి రాలేదని రాసుకొనడం కన్న ఆయనను ఫోనులో కలపడం మేలు. సభను క్రింది గదిలో పెట్టడం అంతకన్న మేలు.

ఇప్పుడు ప్రహరీ అవతల ఉండి రాలేని తల్లి దగ్గరకు వద్దాం. 2025-26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలుగా నిర్ణయించినారు. పగలు పదకొండు గంటలకు సభ అంటే ఆ రోజు పని పోయినట్లే. నెలకొక సభ చొప్పున ఏడాదికి పన్నెండు రోజులు, ఆ లెక్కన 3,684 రూపాయలు. కమిటీ సభ్యురాలైన పేదరాలి నుండి మనం ఏటా ఈ మొత్తాన్ని చడీచప్పుడు లేకుండా వసూలు చేస్తున్నాము. ఆమె రాకపోతే ‘చదువు మీద శ్రద్ధ లేదు’ అంటున్నాము. ఈ మాట అనేవారికి సభకు వచ్చినందుకు జీతం కోత పడదు. ఈ తల్లికి ఫోను సభ జవాబు కాదు. నాట్లు వేసే చేతులతో ఆమె ఫోను పట్టుకొనలేదు. ఆమెకు కావలసినది సాయంత్రం ఏడు గంటల సభ, లేదా ఆమె పేటకే వచ్చే సభ.

పేటకే వచ్చే సభ అన్న మాట మీద కొంచెం ఆగుతాను. కాలినడకనా, ఫోనులోనా అని వాదించేటపుడు, కదలవలసినవారు తల్లిదండ్రులేనని మనం అనుకొనుచున్నాము. ఉపాధ్యాయులు కదలరాదా? మూడు నెలలకు ఒకసారి సభను తండాలోనో, గూడెంలోనో, ఎస్సీ పేటలోనో వేపచెట్టు క్రింద పెట్టినారనుకొనండి. బడి బెంచీల మీద వెనుక నిలబడే మనుషులు అక్కడ ఇంటివారు. ముందు వరుస పెద్దలు అక్కడ అతిథులు. మాట తీరు మారిపోతుంది. ఇందుకు బడ్జెట్ అక్కరలేదు, హెడ్‌మాస్టరుకు కొంత శ్రమ మాత్రం తప్పదు.

తెరపై సభను సమర్థించేవారు కంపెనీల ఉదాహరణ చెప్పుతారు. 2013 నాటి కంపెనీల చట్టం డైరెక్టర్లు వీడియో ద్వారా బోర్డు సమావేశంలో పాల్గొనడానికి అనుమతించినది, ఆ హాజరును కోరంలో లెక్కకు తీసుకొన్నది. వార్షిక లెక్కల ఆమోదం వంటి కొన్ని విషయాలకు మాత్రం వీడియో చాలదని మొదట నియమం ఉండేది; 2021 జూన్‌లో ఆ నియమాన్ని తీసివేసినారు. కాబట్టి బడి కమిటీకి ఎందుకు పనికిరాదని అడుగుతారు. డైరెక్టరుకు ఏడు రోజుల ముందు నోటీసు అందుతుంది, చర్చనీయాంశాల పత్రం అందుతుంది, అర్థం కానిది చెప్పడానికి కార్యదర్శి ఉంటాడు. మన కమిటీ సభ్యురాలికి సభ ఉన్నదన్న కబురే ఆనాటి ఉదయం పిల్లవానితో వస్తుంది. ముందు ఆ ఏడు రోజుల నోటీసును మన సభలకు అరువు తెచ్చుకొందాం, తరువాత వీడియో మాట. అదే కంపెనీ నియమాలలో నాకు నచ్చినది మరొకటి ఉన్నది. సభ ఆరంభంలో, దూరాన ఉన్న ప్రతి ఒక్కరు తన పేరు, తాను ఉన్న ఊరు, చర్చాపత్రం తనకు అందినదన్న మాట చెప్పవలె. తన పక్కన వేరెవరూ లేరని కూడ చెప్పవలె. ఈ పద్ధతిని మన తీర్మానాల పుస్తకంలోకి తెచ్చుకొనడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇంతకూ ఏది ఎప్పుడు అన్నది చెప్పవలసి ఉన్నది. సెలవుల తేదీలు, పరీక్షల వేళలు, పుస్తకాల పంపిణీ వంటి సమాచారానికై మనుషులను రప్పించడం వారి కాలాన్ని దొంగిలించడమే. ఫోనులో పంపండి, చదువురాని వారికి గొంతుతో పంపండి. కమిటీ ఎన్నిక, ఖర్చుల లెక్క, అభివృద్ధి ప్రణాళిక, భోజనం మీద గాని ఉపాధ్యాయుని మీద గాని వచ్చిన ఫిర్యాదు — ఇవి మాత్రం మనుషులు ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనవలసినవి. అట్టి సభలో ఊరిలో లేనివారిని ఒక ఫోను ద్వారా కలపండి. ఆ ఫోను హెడ్‌మాస్టరు చేతిలో గాక సభ మధ్యలో, అందరూ వినేట్లు ఉండవలె. ఊరిలో ఉన్నవారికి ఫోను హాజరు ఇవ్వడం, అనారోగ్యం వంటి కారణం ఉంటే తప్ప, నేను సమర్థింపను. అట్లా ఇవ్వడం మొదలుపెడితే రెండేళ్ళలో జంబుఖానా మీద హెడ్‌మాస్టరు, ఇద్దరు ఉపాధ్యాయులు మిగులుతారు. తక్కినవారి పేర్ల ఎదుట ‘ఫోనులో’ అని ఉంటుంది. వారు విన్నారో లేదో దేవునికి తెలియవలె.

ఒక పిల్లవాని సొంత సంగతి వేరు. వాని మార్కులు, వాని ఆరోగ్యం, వాని ఇంటి ఇబ్బంది — ఇవి ఎదుటి సభలో గాని, ఫోను గ్రూపులో గాని నలుగురి మధ్య పెట్టవలసినవి కావు. తరగతి మార్కుల పట్టిక మొత్తాన్ని వాట్సాప్ గ్రూపులో వేసే అలవాటు కొన్ని బడులలో ఉన్నది. చివరి వరుసలో ఉన్న పిల్ల తండ్రి ఆ గ్రూపు నుండి తప్పుకొంటాడు, సభకు రావడం కూడ మానుతాడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల సమాచారానికి ప్రత్యేక రక్షణ కల్పించినది. చట్టం సంగతి అటుంచి, ఇది మర్యాద కూడ కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ పాఠశాలలన్నింట ఒకే రోజున తల్లిదండ్రుల మహాసభ జరిపినారు; 2025 జూలై 10న ప్రైవేటు పాఠశాలలను కూడ కలుపుకొని మళ్ళీ జరిపినారు. ఢిల్లీలో ఇట్టి మహాసభలు 2016 నుండి ఉన్నవి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల నాయకత్వంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పరచినారు. ముగ్గులు, పోటీలు, భోజనాలతో కూడిన పెద్ద సభ మంచిదే. బడి గడప తొక్కని తండ్రి ఆ రోజున తొక్కుతాడు. కాని బడి డబ్బు, బడి గోడ, బడి అన్నం మీద నిర్ణయం జరిగేది పండుగ రోజున కాదు, పదిమంది కూర్చున్న నెలవారీ సభలో. అక్కడికి ఎవరు వచ్చినారో, ఎవరు ఫోనులో కలిసినారో, ఎవరు రెండూ చేయలేకపోయినారో మూడు వరుసలుగా రాయమని నా సూచన. మూడవ వరుసలో ఒకే పేరు వరుసగా మూడు నెలలు కనబడితే, కమిటీలో ఒకరు ఆ ఇంటికి పోయి రావలె.

తీర్మానం రాసిన తరువాత, సంతకాలకు ముందు, దానిని పైకి చదవవలె. ఫోనులో ఉన్నవారికి కూడ వినిపించవలె. ‘ఒప్పుకొన్నారు’ అని గాక, ఎవరు ఏమి అభ్యంతరం చెప్పినారో ఒక్క వాక్యం రాయవలె. కువైట్‌లోని తల్లి అభ్యంతరం చెప్పి ఉంటే ఆమె పేరుతో అది పుస్తకంలో ఉండవలె. మరుసటి నెల సభ ఆ వాక్యంతో మొదలుకావలె.

వలస మండలాల నుండి వచ్చిన హెడ్‌మాస్టర్లు ఈ తరగతిలో ఎనిమిది మంది ఉన్నారని నిర్వాహకులు చెప్పినారు. సభ వేళ విషయంలో వారి అనుభవం ఏమిటో ముందుగా వారి నుండి విని, తరువాత తక్కిన ప్రశ్నలకు వద్దాం.